ఏ చెవో రాయలేదు

హలో… ఆ, నేనే. సంగీతం టీచర్‌నే.

…ఏ పన్ను? నా పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి నాయనా, రాంగ్ నంబరు—

…ఓ, ఇంటి పన్నా! మునిసిపల్ ఆఫీసు గుమాస్తాగారా? ఉండండుండండి… వాకిట్లో పిల్లలున్నారు, క్లాసుకొచ్చారు. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంటాను.

ఆ, చెప్పండి. నా రాయితీ అప్లికేషనేగా?

…గొణక్కండి, గట్టిగా చెప్పండి.

…అమ్మో, అంత గట్టిగానా! 'చెవుడు, చెవుడు' అని అలా అరిస్తే మీ ఆఫీసంతా వినదూ? వివరాలు గోప్యంగా ఉంచుతామని అప్లికేషన్ మీద అచ్చేసింది మీరే కదండీ!

…గుసగుసలాడితే నాకెలా వినిపిస్తుంది? వినిపిస్తే రాయితీ ఎందుకడుగుతాను?

…తాళంచెవా? ఇంట్లోనే ఉన్నాను, తాళమెందుకు వేస్తాను?

…ఆహా, 'ఏ చెవి' అనా. కావాలనే రాయలేదండీ. సంగీతం చెప్పే మనిషికి చెవుడని ఊళ్ళో పొక్కితే ఒక్క పిల్లనైనా పంపుతారా? నా నోట్లో మట్టే. ఆ కాయితం చింపి పారెయ్యండి. పన్ను మొత్తం కట్టేస్తాను…

…ఫోను కుడి చెవికి మార్చాలా? సరే… ఆ, ఇప్పుడు శుభ్రంగా వినిపిస్తోంది.

…ఆగండాగండి. ఏ చెవో తెలీదనేగా మీరు ఫోన్ చేసింది? కుడిది పనిచేస్తుందని ఎవరు చెప్పారు?

…మీ అమ్మాయా? మా దగ్గరా?… ఆ రెండు జడల వాగుడుకాయ మీ పిల్లేనా!

…తెలిసి మళ్ళీ అడగడమెందుకు మరి?… నా నోటితోనే చెప్పాలని రూలా. బాగుంది సంబడం.

…క్లాసందరికీ తెలుసా? రెండేళ్ళ నుంచీనా?… అందుకని నా కుడిపక్కన— కాదండీ, ఫ్యాను అటే ఉంది. గాలి కోసం కొట్టుకుంటున్నారనుకున్నాను.

…నేన్నమ్మను. లైన్లోనే ఉండండి.

పిల్లలూ! హాల్లోకి రండి. ఆగండి, ముందు ఫ్యాను కట్టేస్తాను… ఆ. ఇప్పుడు కూర్చోండి, ఎవరిష్టమొచ్చిన చోట వాళ్ళు.

…

హలో… ఉన్నారా?

…ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారండీ. అంతా కుడిపక్కనే. ఎడమపక్క చాప చాపంతా ఖాళీ.

…ఏడవట్లేదు, ఫ్యాను లేక చెమట. మీ అమ్మాయి మాత్రం పాడేటప్పుడు శ్రుతి తప్పుతోంది, చెప్పండి. అది నాకు చెడిన చెవితో కూడా వినిపిస్తోంది.

…ఊఁ. చింపకండి. రాసుకోండి. ఎడమ చెవి.

…ఇప్పుడు మీకు వినిపించలేదా? ఎడమ చెవండీ, ఎడమ చెవి!

…విననివ్వండి పిల్లల్ని. ఉంటాను.