నూతి తాడు

సంతబొమ్మాళి దగ్గర కొబ్బరితోటల ఊరు. మిట్టమధ్యాహ్నం. రత్నాలమ్మ ఇంటి నూతి దగ్గరికి మనవడు ఫణీంద్ర ఫ్యాక్టరీ బట్టలతోనే పరుగున వచ్చాడు.

"ఓరి గుంటడా, ఆ తాడెందుకు విప్పుతన్నావు?"

"పనుంది మామ్మా. వదులు."

"ఏటంత పని? ఒళ్లంతా పులిసిన కంపు. కూకో, గంజి తాగు."

"వదలమన్నానా!"

"మీ నాన్న సంతకెల్లాడని నామీద ఎగురుతన్నావు. ఆడొచ్చాక సెప్తానుండు... ఏటలా సూత్తన్నావు?"

"ఏటీ నేదు. ట్యాంకు కడుగుతన్నాం. తాడు కావాల."

"ఏ ట్యాంకు? పంచదార మిల్లు నుంచొచ్చిన మడ్డిని పులియబెట్టి, పెట్రోల్లో కలిపే స్పిరిట్టు తీత్తామన్నావే, అదేనా?"

"అదే. పైదంతా తోడేసాం. అడుగున బురద ఉండిపోయింది."

"దీపం దింపి సూసారా?"

"అక్కడ అగ్గిపుల్ల గీత్తే ఫ్యాక్టరీయే లేసిపోద్ది మామ్మా."

"అయితే బుట్టలో కోడిని దింపండి. కోడి తల వాల్చేత్తే మనిషి దిగకూడదు. మీ ఇంజనీరు అన్ని సదువులు సదివాడు, ఆపాటి తెలీదా?"

"గాలి సూసే మిషనుంది. పాడైంది."

"మరెవుడు దిగాడు?"

"ఎవుడూ..."

"ఫణీ. నా మొకం సూసి సెప్పు."

"ఒకాయన. ఇయాల కూలికొచ్చాడు. దిగీ దిగగానే పడిపోయాడు. పిలిత్తే పలకట్నేదు. టెక్కలి నుంచి అంబులెన్సు రావాల. నేను దిగుతాను, తాడియ్యి."

"ఇయ్యను."

"మామ్మా!"

"మీ తాత ఇలాగే పాడునూతిలో పూడిక తియ్యడానికి దిగి వాలిపోయాడు. నేను తెత్తానక్కా అన్నాడు మా తమ్ముడు. ఆడి నడుముకి తాడు నేనే కట్టాను, ఈ సేతుల్తో. సాయంత్రానికి ఇద్దర్నీ ఒకేపాలి తీసారు."

"ఇది నుయ్యి కాదు!"

"పులిసిన గాలి అడుగునే కూకుంటాదిరా. దానికి నుయ్యేటి, ట్యాంకేటి?"

"టైమైపోతంది మామ్మా, నీకు దండమెడతాను..."

"అవనీ. ఒక తల్లి ఏడుత్తాది. ఇద్దరు ఏడవడమెందుకు? ఆ పాపం నాకే సుట్టుకోనీ. నేనే ఎల్లి ఆ తల్లి కాళ్లట్టుకుంటాను. ఆవిడ పేరేటి?"

"వద్దు మామ్మా."

"పేరు సెప్పు!"

"నాన్న సంతకెల్లనేదు మామ్మా. ఆ తల్లి పేరు రత్నాలమ్మ."