తిరుత్తణిలో జవాబిచ్చిన రెండో సర్వర్

తిరుత్తణి జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ గారి ఎదుట, 2025 నవంబరు 19, బుధవారం ఉదయం 11.20 గంటలకు చెప్పినది.

నా పేరు ఎం. సుందరరాజ్. తండ్రి పేరు మునిరత్నం. వయసు 51. సొంత ఊరు పళ్లిపట్టు తాలూకా అత్తిమంజేరిపేట. ప్రస్తుతం తిరుత్తణి బస్టాండు వెనక పూల అంగడి మేడ మీద అద్దె గదిలో ఉంటున్నాను. కుశస్థలి నెట్ సర్వీసెస్ అనే ఇంటర్నెట్ సంస్థలో పదకొండేళ్లుగా టెక్నీషియన్‌ని. భార్య ఉషా 2019లో చనిపోయింది. పిల్లలు లేరు.

ఈ వాంగ్మూలం ఇవ్వాలన్న నిర్బంధం లేదని, ఇస్తే నా మీదే సాక్ష్యంగా వాడవచ్చని మేజిస్ట్రేట్ గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోవడానికి గంట సమయం ఇచ్చారు. ఆ గంట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎవరూ ఆశ చూపలేదు. నాకు తమిళం చదవడం, రాయడం వచ్చు. కాని చదువుకున్నది తెలుగు బడిలో కాబట్టి జరిగింది తెలుగులో చెప్పడానికి అనుమతి అడిగాను. ఇచ్చారు. రాస్తున్నది కోర్టు గుమాస్తా దేవేంద్రన్ గారు.

మా సంస్థ ప్రధాన ఆఫీసు తిరువళ్లూరులో ఉంది. యజమాని హర్షవర్ధన్ గారు. తిరుత్తణి ఆఫీసు అరక్కోణం రోడ్డులో ఒకే గది. అందులో నేను ఒక్కడినే. నా కింద 23 ఊళ్లలో 23 రౌటర్లు ఉన్నాయి. రేషన్ అంగడి, పాల సొసైటీ, బడి, ఇళ్లు అన్నీ వాటి మీదే నడుస్తాయి.

ఈ రౌటర్లు సొంతంగా ఏమీ దాచుకోవు. కరెంటు వచ్చి లేవగానే ప్రతి రౌటరూ తనకు ఏ అడ్రసు, ఏ ఫైలు అని లైను మీద అడుగుతుంది. తిరువళ్లూరులో ఉన్న బూట్ సర్వర్ అడ్రసు చెప్పి, ఆ ఊరి ఫైలు పంపుతుంది. అది ఎక్కించుకున్నాకే రౌటర్ పని మొదలుపెడుతుంది. జవాబు ఇచ్చింది ఎవరని అది చూడదు. ముందు వచ్చిన జవాబును తీసుకుంటుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు.

ఈ బూట్ సర్వర్‌ను గత జూన్‌లో శశికళ, నేను కలిసి పెట్టాము. శశికళ వయసు 26. తిరువళ్లూరు ఆఫీసులో పనిచేసేది. సర్వర్ ఆలోచన ఆమెదే. పనిలో ఎక్కువ భాగం ఆమె చేసింది. నేను కేబుళ్లు లాగి, ప్రతి ఊరి రౌటర్ నెంబరు తెచ్చి ఇచ్చాను. అంతకు ముందు ఏ రౌటరులో ఏ చిన్న మార్పు చేయాలన్నా ల్యాప్‌టాప్ తీసుకుని ఆ ఊరికి పోవలసి వచ్చేది. వారానికి నాలుగైదు ఊళ్లు తిరిగేవాడిని. సర్వర్ పెట్టాక పోవలసిన పని లేకుండా పోయింది. జూన్ నుంచి నవంబరు దాకా నేను ఊళ్లకు పోయింది మూడుసార్లు.

ఏ రౌటరు ఎప్పుడు లేచి ఫైలు అడిగిందో సర్వర్ వరసగా రాసిపెడుతుంది. దాన్ని లాగ్ అంటాము. శశికళ రోజూ ఉదయం 9.40కి నా ఆఫీసుకు ఫోన్ చేసి ఆ లాగ్ చదివేది.

"అన్నా, పొదటూరుపేట అయిదుకే లేసి కూసోనుండాది. మీ ఊరుది మాత్రం ఇంకా ముసుగు తన్ని పండుకోనుండాది."

"దానికి కరెంటు లేదు పాపా."

"నీకెట్ల తెలుసు? యాడుండావు నువ్వు, కొండ మీదా?"

"ఆడ చెరుకు మిల్లు లైను మారస్తా ఉండారు. నిన్న బస్సులో చెప్పుకొంటా ఉంటే విన్యా."

ఆరేడు నిమిషాలు మాట్లాడేది. ఇలా ఫోన్ చేయడం ఆమె డ్యూటీ కాదు. చేయకపోయినా రౌటర్లు నడుస్తాయి.

నవంబరు 7, శుక్రవారం ఆమె ఉద్యోగం మానేసింది. ఆ రోజు నేను తిరువళ్లూరు ఆఫీసులోనే ఉన్నాను. మధ్యాహ్నం 12.30కి పొన్నేరి నుంచి వచ్చిన ఇద్దరు కస్టమర్లకు హర్షవర్ధన్ గారు సర్వర్ చూపిస్తూ, దాన్ని తానే పెట్టినట్టు చెప్పారు. శశికళ గట్టిగా నవ్వింది.

"సార్‌కి దాని పాస్‌వర్డ్ కూడా తెలీదు. అడిగి చూడండి," అంది.

కస్టమర్లు కూడా నవ్వారు. వాళ్లు పోయాక హర్షవర్ధన్ గారు ఆమెను లోపలికి పిలిచారు. ఒంటిగంటకు ఆమె బ్యాగు తీసుకుని బయటకు వచ్చింది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టింది. నాతో, "వస్తానన్నా, సరిగా తిను," అని పోయింది.

హర్షవర్ధన్ గారు నాతో, "ఆ పాపకి పొగరు ఎక్కువన్నా. పోనీ. రౌటర్లు వాటికవే లేస్తాయి గదా, మనిషి దేనికి?" అన్నారు.

8వ తేదీ శనివారం 9.40కి ఫోన్ రాలేదు. రాదని తెలుసు. పది దాకా దాని పక్కనే కూర్చున్నాను. తరువాత తిరువళ్లూరుకు ఫోన్ చేసి లాగ్ పంపమని అడిగాను. అక్కడి ఇంజినీరు మురళీధరన్ గారు, "అది పెట్టుకొని నువ్వేం చేస్తావన్నా?" అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో బూట్ సర్వర్ ప్రోగ్రాం ఎక్కించి, దాన్ని లైనుకు తగిలించాను. ఎవరినీ అడగలేదు. రౌటర్లు లేచి అడిగేది వినడం, రాసిపెట్టడం మాత్రమే దాని పని. జవాబు ఇవ్వకూడదని ప్రోగ్రాంలో ఒక లైను ఉంటుంది. అది పెట్టాను. సాయంత్రం 5.15కి అత్తిమంజేరిపేట రౌటర్ లేచి అడిగింది. తెర మీద చూశాను. ఆ రోజు ఏడింటి దాకా ఆఫీసులో ఉన్నాను.

10వ తేదీ సోమవారం ఉదయం 11 గంటలకు, ఒక స్పేర్ రౌటర్ పనిచేస్తుందో లేదో చూడడానికి జవాబు ఇవ్వకూడదన్న ఆ లైను తీసేశాను. పంపడానికి ఒక ఫైలు కావాలి. జూన్‌లో శశికళ ప్రయోగానికి రాసి నాకు పంపిన ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉంది. అది సగమే రాసిన ఫైలు. దాంతో రౌటర్ లేస్తుంది కాని ఏ ఊరిదో దానికి తెలియదు. మొదటి లైనులో తయారుచేసినది శశికళ అని ఉంది. ఆమె ప్రతి ఫైలుకూ అలా రాసేది. స్పేర్ రౌటర్ లేచింది. తీసేసిన లైను తిరిగి పెట్టబోతుండగా ఆఫీసు ఫోన్ మోగింది.

అది రాంగ్ నెంబరు. శోళవరం నుంచి ఒక పెద్దాయన విత్తనాల అంగడి అనుకుని చేశారు.

"వరి విత్తనం వచ్చిందా తంబీ?"

"ఇది అంగడి కాదయ్యా, ఇంటర్నెట్ ఆఫీసు."

"అదేదైతే ఏమిలే. నీకు చేను ఉండాదా?"

ఉండేదని చెప్పాను. ఏం వేసేవాళ్లో అడిగారు. చెప్పాను. పదకొండు నిమిషాలు మాట్లాడాను. ఆ ఫోన్‌లో నిమిషాలు కనిపిస్తాయి. పెట్టేశాక టీకి కిందికి దిగాను. జవాబు ఇవ్వకూడదన్న లైను తిరిగి పెట్టలేదు.

11వ తేదీ మంగళవారం ఈ ప్రాంతమంతా నెలవారీ మరమ్మతుల కోసం ఉదయం 9 నుంచి కరెంటు తీశారు. రౌటర్ల బ్యాటరీలు నాలుగు గంటలు వస్తాయి. ఒంటిగంటన్నర లోపు 23 రౌటర్లూ ఆగిపోయాయి. నెలనెలా జరిగేదే. నా ఆఫీసుకు పెద్ద ఇన్వర్టర్ ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ ఆగలేదు. సాయంత్రం 4.10కి కరెంటు వచ్చింది. 23 రౌటర్లూ ఒకేసారి లేచి అడిగాయి. తిరువళ్లూరు దూరం. నా ల్యాప్‌టాప్ దగ్గర. అది ముందు జవాబు ఇచ్చింది. 4.14 కల్లా 23కీ సగం రాసిన ఆ ఫైలు అందింది. వరసగా పేర్లు వస్తుంటే నేను చూస్తూ ఉన్నాను. ఏం జరిగిందో 4.50కి, నాలుగో కంప్లయింట్ వచ్చాక అర్థమైంది. కేబుల్ పీకేశాను.

4.55కి హర్షవర్ధన్ గారు ఫోన్ చేశారు. "అన్నా, అన్ని ఊళ్లూ ఒకేసారి పోయినాయి. ఇది ఆ పాప పనే. పాస్‌వర్డ్ పెట్టుకొని ఇంట్లోంచి చేసుండాది."

ఫోన్ పెట్టేసి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి గదికి తీసుకుపోయి మంచం కింద ఉంచాను.

సగం ఫైలుతో లేచిన రౌటర్‌ను దూరం నుంచి సరిచేయడం కుదరదు. మనిషి పోయి ఆపి మళ్లీ వేయాలి. 12, 13 తేదీల్లో బండి మీద 23 ఊళ్లూ తిరిగాను. అత్తిమంజేరిపేటకు 12న ఉదయం 8.10కి చేరాను. పాల సొసైటీ చెంగమ్మ నన్ను చూసి, "యాడికి పోయినావయ్యా ఇన్నాళ్లు? నీ డబ్బా చచ్చినాక గాని మేం గుర్తుకు రాలేదా?" అంది. మజ్జిగ ఇచ్చింది. రెండు రోజుల్లో ఆరు చోట్ల మజ్జిగ, నాలుగు చోట్ల కాఫీ ఇచ్చారు. అందరూ పేరు పెట్టి పిలిచారు. ఆ రెండు రోజులు నాకు సంతోషంగా ఉంది. అది కూడా రాయమని కోరుతున్నాను.

12న సాయంత్రం, హర్షవర్ధన్ గారు చెప్పిన ప్రకారం పళ్లిపట్టు రౌటర్ స్థానంలో స్పేర్ పెట్టి, కరెంటు పోతే లోపలి ఫైలు పోతుంది కాబట్టి పాత రౌటర్‌ను బ్యాటరీతోనే తిరువళ్లూరుకు తీసుకుపోయాను. మురళీధరన్ గారు అందులోని ఫైలు తెరిచారు. మొదటి లైనులో శశికళ పేరు ఉంది. "చూసినావా అన్నా, సంతకం చేసి మరీ పోయినాది," అన్నారు. ఆయన ఆమెతో మూడేళ్లు పక్క పక్క కుర్చీల్లో పనిచేసినవారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ ఫైలుతో కలిపి సంస్థ ఫిర్యాదు ఇచ్చింది. 13న పోలీసులు శశికళను అరెస్టు చేశారు. రిమాండు మీద పుళల్ జైలుకు పంపారు. ఈ నెల 24న ఆమె శ్రీపెరంబుదూరులో కొత్త ఉద్యోగంలో చేరవలసి ఉందని తరువాత తెలిసింది.

14 నుంచి ఆమె తల్లి మునియమ్మ నా ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. ఆమె పెట్టుకున్న వకీలు కవిప్రియ గారి ఆఫీసు మా కింది అంతస్తు. అది పన్నెండింటికి తెరుస్తారు. మునియమ్మ వచ్చే బస్సు పదింటికే దింపుతుంది. ఆ రెండు గంటలు నా గదిలో ఫ్యాను కింద కూర్చునేది. నేను టీ తెచ్చేవాడిని.

"నాయనా, మా పాప అట్లాంటిది చేస్తాదా? నువ్వు చూసినోడివి గదా, నువ్వు చెప్పు."

"చెయ్యదమ్మా."

"అదే నేనూ అంటాండా."

అంతవరకే చెప్పేవాడిని. ఆమె శశికళ చిన్నప్పటి సంగతులు చెప్పేది. కుక్కర్ విప్పి మళ్లీ బిగించలేక ఏడ్చిందని చెప్పింది. ఆమె పోయాక రెండో గ్లాసు కడిగి పెట్టేవాడిని. పది అవుతుంటే మెట్ల మీద చప్పుడు వినేవాడిని. 16 ఆదివారం. ఆఫీసుకు సెలవు, వకీలు ఆఫీసుకూ సెలవు. అయినా వెళ్లి తెరిచి కూర్చున్నాను. ఆమె రాలేదు.

ఎందుకు చెప్పలేదని మేజిస్ట్రేట్ గారు అడిగారు. ఉద్యోగం పోతుందన్న భయం మొదటి రెండు రోజులు ఉంది. ఆ తరువాత కారణం అది కాదు. చెబితే ఆమె మళ్లీ రాదు.

నిన్న, 18వ తేదీ మంగళవారం, ఆమె 10.05కి టిఫిన్ క్యారియరు తెచ్చింది. వకీలమ్మకు కాబోలనుకున్నాను.

"నీకే తెచ్చినా. నిమ్మకాయ అన్నం. నిన్న జైలు కాడ పాప అడిగింది, అన్న తింటాండాడా అని. ఒక్కడే ఉంటాడు, చూడు అన్నింది."

మూత తీసింది. నేను తినలేదు. అప్పుడు చెప్పాను. ల్యాప్‌టాప్ సంగతి, ఫైలు సంగతి మొదటి నుంచి చెప్పాను. రౌటర్ల సంగతి ఆమెకు అర్థం కాలేదు. మిగతాది అర్థమైంది.

"అయితే పాప చెయ్యలేదని నీకు తెలుసు."

"తెలుసమ్మా."

"ఎప్పటినుంచి?"

"మంగళవారం నుంచి."

"ఈ పొద్దే గదా మంగళవారం."

"పోయిన మంగళవారం."

ఆమె నన్ను తిట్టలేదు. క్యారియరుకు మూత పెట్టింది. తీసుకుని కిందికి దిగి, తాళం వేసి ఉన్న వకీలు ఆఫీసు ముందు మెట్ల మీద కూర్చుంది. పన్నెండు దాకా ఎండలోనే కూర్చుంది. నేను పైనుంచి చూశాను. పన్నెండింటికి నేనూ దిగి కవిప్రియ గారితో ఇదంతా చెప్పాను. నా తరఫున మాట్లాడడం తనకు కుదరదని, వేరే వకీలును పెట్టుకోవచ్చని ఆమె చెప్పారు. అక్కరలేదన్నాను.

ల్యాప్‌టాప్, కేబుల్ ఈ రోజు కోర్టుకు అప్పగించాను. 11వ తేదీ 4.10 నుంచి 4.14 వరకు 23 రౌటర్లు అడిగినది, నా ల్యాప్‌టాప్ జవాబు ఇచ్చినది అందులో ఉంది. ఎందుకు చెరిపేయలేదని అడిగారు. చెరిపేయాలని రెండుసార్లు తెరిచాను. రెండుసార్లూ మొత్తం చదివి మూసేశాను. శశికళకు ఈ పనితో ఏ సంబంధమూ లేదు. రేపు గురువారం ఆమె బెయిలు విచారణ ఉంది. అంతకు ముందు ఈ మాట కోర్టు రికార్డులో ఉండాలనే వచ్చాను.

దేవేంద్రన్ గారు రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట, పొరపాటున ల్యాప్‌టాప్‌ను లైనులో వదిలానని, పొరపాటున ఏడు రోజులు ఎవరికీ చెప్పలేదని ఉంది. మొదటి పొరపాటు అలాగే ఉండనివ్వమన్నాను. రెండో చోట ఆ మాట కొట్టేయమన్నాను. కొట్టేసి, పక్కన నా చేత చిన్న సంతకం పెట్టించారు. తక్కినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది.

(సంతకం)
ఎం. సుందరరాజ్