అదిమి పట్టుకున్న చేతులు

కొండాపూర్‌లో ఒక ఫ్లాట్. మెకానిక్ వాషింగ్ మిషన్‌ను గోడ దగ్గర్నుంచి ముందుకు లాగాడు. ఇంటావిడ గుమ్మంలో నిలబడింది.

"ఎప్పటిసంది గిట్ల ఎగురుతుందమ్మా?"

"కొన్నప్పటి నుంచీ అంతేనండి. స్పిన్ మొదలవగానే మావారు వచ్చి అదిమి పట్టుకునేవారు. ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి మరీ."

"సారు ఇంట్ల లేరా?"

"పోయినేడాది పోయారండి. నేను పట్టుకుంటే ఆగట్లేదు."

"వెనక చూడున్రి. లారీల తెచ్చేటప్పుడు లోపలి డ్రమ్ము కదలకుంట బిగించిన బోల్టులు ఇంకా గట్లనే ఉన్నయి, గందుకే మిషన్ మొత్తం ఎగురుతుంది. ఫిట్ చేసినోడు తీయలేదా?"

"ఎవర్నీ రానివ్వలేదండి. వీడియో చూసి మావారే మిషన్ ఫిట్ చేశారు."

అతను బోల్టులు తీసి, మళ్లీ స్పిన్ పెట్టాడు.

"ఆగిపోయిందాండి?"

"లేదమ్మా, తిరుగుతుంది. ఇగ పట్టుకునేటందుకు మనిషి అవసరం లేదు."