ఒకటి నొక్కితే అవును

మధ్యాహ్నం మూడున్నర. ఫోన్ చేసింది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. ఎత్తింది ఆమెకు కావలసిన మనిషి కాదు, ఆ మనిషి మొగుడు.

“అది కాదండీ, నేను ఏ బహుమతీ ఇవ్వడం లేదు. బ్యాంకు నించి కూడా కాదు.”

“మొదట అందరూ అలాగే అంటారు. నిన్నొకడు కరెంటాఫీసు అన్నాడు. వాడితో అరగంట మాట్లాడాను. చివరికి విసుగొచ్చి వాడే పెట్టేశాడు.”

“అరగంటా?”

“నాకు తీరికే కదమ్మా. సరే, నువ్వేం అమ్ముతావు?”

“ఏమీ అమ్మనండీ. ఏదైనా ప్రోగ్రాం జనంలోకి వెళ్లే ముందు అందులో తప్పులుంటే పట్టుకోవడం నా పని. మేడమ్ గారితో ఒక్క రెండు నిమిషాలు మాట్లాడాలి. ఈ నంబరు ఆవిడదే కదా?”

“మా ఆవిడదే. డాబా మీద బట్టలు తీస్తోంది. నాకు చెప్పు.”

“ఆవిడే చెప్పాలి సార్.”

“ఆవిడకి తెలిసిందేదైనా నాకూ తెలిసే ఉంటుంది. ఒక ఇంట్లో ఇద్దరం మనుషులం. ఇంక సార్ సార్ అనకు, ఎవర్నో పిలుస్తున్నట్టుంది. బాబాయ్ అను.”

“సరే బాబాయ్ గారూ. రోజూ సాయంత్రం ఆరింటికి ఆవిడ ఫోనుకి ఒక మెసేజ్ వస్తుంది. ఆవిడ జవాబిస్తారు. మీరెప్పుడైనా చూశారా?”

“ఆరింటికా? ఆ, ఏదో నొక్కుతూ ఉంటుంది. ఏంటే అది అంటే, ఏదో అడుగుతున్నారు, చెప్తున్నా అంది. అది మీరేనా?”

“మేమే. నిజానికి అది ఆవిడకి రాకూడదు. తప్పు నాది. పరీక్ష కోసం ఏదో ఒక నంబరు పెట్టాలి. మొదట నా నంబరే పెట్టుకున్నాను. వారం తర్వాత చివరి అంకె ఒకటి మార్చేశాను. ఆ నంబరు ఎవరికీ ఉండదనుకున్నాను.”

“మా ఆవిడకి ఉంది.”

“ఉంది. జవాబులు వస్తుంటే మా మిషనే ఇస్తోందనుకున్నాను. పద్నాలుగు నెలలు అలాగే అనుకున్నాను. మొన్న సోమవారం తెలిసింది, అవతల నిజంగా మనిషి ఉందని.”

“పద్నాలుగు నెలలా? బాగుంది మీ ఉద్యోగం. ఇంతకీ నీ నంబరు నువ్వెందుకు మార్చుకున్నావు?”

“అది ఇప్పుడెందుకులెండి.”

“ఊరికే అడిగాను. దాచుకునేదైతే దాచుకో.”

“దాచేదేముంది. రోజూ నా ప్రశ్నకి నేనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ జవాబు రోజూ ఒకటే. బాగాలేదనిపించింది.”

“ఏంటమ్మా అంత బాగాలేని ప్రశ్న?”

“చెప్తాను. ముందు నన్ను అడగనివ్వండి. ఆవిడ ఫోను ఈ మధ్య మార్చారా?”

“లేదు. అదే ఫోను. ఒక మూల పగిలింది, అయినా అదే కావాలంటుంది.”

“రిపేరుకిచ్చారా?”

“ఇవ్వనివ్వదు.”

“ఆ జవాబు ఆవిడే నొక్కుతారా? ఒక్కోసారి మీరు గానీ, ఇంకెవరైనా గానీ?”

“ఇంట్లో ఇంకెవరున్నారని? నేనా, ఆ ఫోను ముట్టుకుంటే ఊరుకోదు. ఇప్పుడంటే ఆవిడ పైనుంది కాబట్టి ఎత్తాను.”

“ఊరు మారారా? వేరే ఇంటికి?”

“ఇరవై ఏళ్లుగా ఇదే ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, పైన డాబా. ఏంటమ్మా, పెళ్లి సంబంధానికి వచ్చినట్టు అడుగుతున్నావు?”

“నవ్వకండి బాబాయ్ గారూ. నాకు ఐదింటిలోగా కారణం తెలియాలి. ఆవిడ జవాబులు మధ్యలో ఒక రోజు నించి తిరగబడ్డాయి. మొదటి ఏడు నెలలూ రోజూ ఒకటి అని వచ్చింది. ఆ తర్వాత రోజూ రెండు. రెండు వందల ఒక్క రోజుగా రెండే. ఒక్క రోజు కూడా తేడా లేదు. మనుషులు అలా మారరు కదా. మా ప్రోగ్రాంలోనే ఏదో తప్పుందని నా అనుమానం. నాలుగు రోజులుగా దీని మీదే కూర్చున్నాను.”

“ఒక్కదానివేనా? ఆఫీసులో ఇంకెవరూ లేరా?”

“ఇదివరకు పదహారుమందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు పరీక్షలన్నీ మిషనే చేస్తుంది. రాత్రికి రాత్రి వెయ్యి పరీక్షలు చేసి పొద్దున్నకి లెక్క చెప్తుంది. కాకపోతే రెండు వచ్చింది అని మాత్రమే చెప్తుంది. ఎందుకొచ్చింది అని అడగదు. అది అడగడానికి నన్నొక్కదాన్ని ఉంచారు.”

“మరి మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటావు?”

“ఇంటి నించే పనండీ. బల్ల మీద నాలుగు ఫోన్లున్నాయి, నాలుగూ పరీక్షకే. పొద్దున పావుగంట మీటింగు. నా వంతు వచ్చినప్పుడు, నిన్న ఇది చేశాను, ఇవాళ ఇది చేస్తాను అంటాను. అంతే.”

“దాన్ని మాట్లాడటం అంటారా?”

“నేనూ అదే ఆలోచించాను. అందుకే నంబరు మార్చేశాను.”

“అర్థం కాలేదు.”

“ప్రశ్న అదే బాబాయ్ గారూ. నేనే రాశాను దాన్ని. ‘ఇవాళ మీరు ఎవరితోనైనా మాట్లాడారా? అవును అయితే ఒకటి నొక్కండి. లేదు అయితే రెండు నొక్కండి.’ ఒంటరిగా ఉండేవాళ్ల కోసం చేసిన ప్రోగ్రాం ఇది. నాలుగు వేలమంది పేర్లిచ్చారు. రేపటి నించి వాళ్లందరికీ వెళ్తుంది. మూడు రోజులు వరసగా రెండు నొక్కితే మా వాళ్లు ఫోన్ చేసి పలకరిస్తారు.”

“మా ఆవిడకి ఎవరూ చెయ్యలేదే?”

“ఆ నంబరు పరీక్ష జాబితాలో ఉంది. పరీక్ష నంబర్లకి ఎవరూ చెయ్యరు.”

“అంటే ఇప్పుడు మా ఆవిడ రోజూ ఏమంటున్నట్టు?”

“లేదు అంటున్నట్టు.”

“ఎవరితోనూ మాట్లాడలేదనా? మా ఆవిడా? ఇక రాసుకో తల్లీ, మీ మిషనుదే తప్పు.”

“మీకు ఖాయంగా తెలుసా?”

“ఖాయమా అంటావేంటి. మా ఇంట్లో మాటలకి కరువా? పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటాను. ముప్పై ఒక్క ఏళ్లు లారీ తోలినవాణ్ణి. ఎన్ని ఊళ్లు, ఎంతమంది మనుషులు. ఇవాళ పొద్దున కూడా ఘాట్ రోడ్డులో బ్రేకులు ఫెయిలైన సంగతి చెప్పాను. కూర తరుగుతూ మొత్తం విన్నది.”

“ఆవిడేమన్నారు?”

“ఏమంటుంది, విన్నది.”

“అంతకుముందెప్పుడైనా చెప్పారా అది?”

“చెప్పే ఉంటాను. చెప్పాను. అయితే ఏం, మంచి సంగతి ఎన్నిసార్లయినా వినచ్చు. అది మాట్లాడటం కాదా?”

“మీరు మాట్లాడటమే. నేను ఆవిడ గురించి అడుగుతున్నాను.”

“ఆవిడది మహా వాగుడమ్మా, నీకు తెలీదు. లారీ మీద ఉన్నప్పుడు, ఏ ఊళ్లో ఉన్నా సరే, నాలుగింటికి టీ కోసం బండి ఆపేవాణ్ణి. ఆపగానే ఇంటికి ఫోను. ఇక గడగడా ఆవిడే. ఎదురింటావిడ ఏమంది, కుళాయి ఎలా పాడైంది, తనకి ఏం కలొచ్చింది. కలలు కూడా చెప్పేది. టీ చల్లారిపోయేది. నాకు ఊఁ కొట్టడమే పని. నవ్వుకునేవాణ్ణి, ఇంత మాట ఎక్కడ దాస్తుందిరా బాబూ అని.”

“ఎదురింటావిడతో ఇప్పుడు మాట్లాడతారా?”

“ఇదివరకు మెట్ల మీద కూర్చునేవాళ్లు ఇద్దరూ. ఇప్పుడు ఆవిడ రావడం లేదు. మొగుడు ఇంట్లో ఉంటే ఆడవాళ్లు మొహమాటపడతారు కదా.”

“అయితే మీ మాట రాసుకోమంటారా? ప్రోగ్రాంలో తప్పు అని.”

“రాసుకో.”

“ఒక్క నిమిషం, జాగ్రత్తగా వినండి. నేను తప్పు అని రాస్తే, ఇవాళ సాయంత్రమే దాన్ని సరిచేస్తారు. ఇక మీదట ఎవరు రెండు నొక్కినా ఒకటి నొక్కినట్టే లెక్క. ఆ నాలుగు వేలమందిలో నిజంగా ఎవరూ పలకరించేవాళ్లు లేక రెండు నొక్కిన మనిషి ఉంటే, ఆ మనిషి రోజంతా నవ్వుతూ తుళ్లుతూ ఉన్నట్టు మాకు కనిపిస్తుంది. ఎవరూ ఫోన్ చెయ్యరు. అందుకని మళ్లీ అడుగుతున్నాను. మీ ఆవిడ నొక్కిందే మాకొచ్చిందా, నొక్కనిది వచ్చిందా?”

“నొక్కనిదే అయ్యుంటుంది.”

“అయ్యుంటుంది అంటే కుదరదు. ఆవిడకి ఇస్తారా ఫోను?”

“బట్టలు మడతపెడుతోందమ్మా. దిగిరావాలి పాపం.”

“నేను ఆగుతాను.”

“నువ్వు ఆగుతావు సరే. ఏమని అడుగుతావు ఆవిడని?”

“ఇవాళ ఎవరితోనైనా మాట్లాడారా అని.”

“నేను పక్కనే ఉంటాను కదా. ఏం చెప్తుంది.”

“బాబాయ్ గారూ?”

“ఉన్నాను. వింటున్నాను.”

“ఆవిడని పిలుస్తారా?”

“ఆగు. ఏ రోజు నించి అన్నావు, ఆ రెండు?”

“మార్చి పద్నాలుగు.”

“ఏప్రిల్ కాదు కదా. మే, జూన్ అలా.”

“మార్చి పద్నాలుగే. నా ముందు కాగితం మీదుంది.”

“పదమూడునో?”

“పదమూడున ఒకటి. ఆరు దాటిన కొన్ని సెకన్లకే నొక్కారు. ప్రశ్న వచ్చేదాకా చూస్తూ కూర్చున్నట్టు.”

“పన్నెండున?”

“ఒకటి.”

“పన్నెండున నేను బండి ఆపిన చోట వాన. టీ కొట్టువాడి పట్టా కింద నిలబడి మాట్లాడాను. ఇద్దరం నవ్వుకున్నాం. దేనికో గుర్తులేదు.”

“పద్నాలుగున రెండు. పదిహేనున రెండు. నేను మొత్తం చదవనా?”

“వద్దు. చదవకు.”

“మరి నేనేం రాయను? నాకు ఐదింటిలోగా…”

“ఇందాక నేను చెప్పింది రాశావా?”

“రాశాను. ఇంకా పంపలేదు.”

“కొట్టేసెయ్. మీ మిషనులో తప్పు లేదు. అది ఉన్నదే చెప్తోంది.”

“ఉన్నదే అంటే? ఆ రోజు మీ ఇంట్లో ఏం జరిగింది బాబాయ్ గారూ?”

“ఏం జరగలేదమ్మా. మా ఆవిడ ఒక్కతే ఉంటోందని, పొద్దున్నే లారీ తాళాలు ఓనరుకిచ్చేసి, ఇక ఎక్కడికీ వెళ్లనని చెప్పి ఇంటికొచ్చేశాను.”