గుర్తు వేయని పసుపు బస్తాలు

1978 ఏప్రిల్ ఇరవై, గురువారం, సాయంత్రం నాలుగున్నర. ఆనందపురంలో మంగాయమ్మగారి వీధరుగు మీద సరుకు బేరానికొచ్చిన గవర్రాజు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. లోపల పన్నెండు బస్తాల పసుపుంది, ఆ ఏడాది పంటంతా అదే. ఊరూరా సరుకు పోగుచేసి, విశాఖ రేవులో ఓడెక్కించి సింగపూరు పంపిస్తానని, పొద్దున్నే బండి తెస్తానని ఆమె కొడుకు భీమశంకరరావుకి చెబుతున్నాడు. కొడుకు సగం ఒప్పేసుకున్నాడు కూడా. మంగాయమ్మ గడప అవతల కూర్చుని నరసింహస్వామి నామం చెప్పుకుంటూ వింటోంది. ఆమెకు ఒక్కటే కొరుకుడు పడడం లేదు. బస్తాల మీద పేరూ గుర్తూ ఏమీ రాయక్కర్లేదంటున్నాడే!

"గుర్తులెందుకు బావా? పోయినేడు నానొక్కణ్ణే ఒక్క పూటలో నలభై బస్తాలు పోగేసినాను. ఆ తరవాత ఏటయిందో తెలుసా?"

"నువ్వు చెప్తేగా," అన్నాడు పక్కింటి జగ్గయ్య.

"రేవుకెల్తే గోదాం కిటకిట, ఓడేమో కూత పెట్టేసింది, మన బస్తాలింకా గట్టు మీదే, అప్పుడు నాను ఓడ మోకు అందుకుని నడుముకి సుట్టుకున్నాను సూడు, ఓడ కదిల్తే ఒట్టు. కెప్టెను పైనించి దండమెట్టి, గవర్రాజుగారూ ఇంక ఒగ్గెయ్యండి, అన్నాడు."

"తెలుగులోనా?"

"నా దగ్గరే నేర్సుకున్నాడు బావా."

నడిసముద్రంలో ఓడ ఒరిగిపోతే తానొక్కడే బస్తాలు అటూ ఇటూ మోసి నిలబెట్టాడట. ఆ మోతలో నాలుగొందల మంది సరుకు కలిసిపోతే, కళ్ళకు గంతలు కట్టుకుని, వాసన చూసి ఎవరివి వాళ్ళకి వేరుచేశాడట. సింగపూరు దొరలు వరసగా నిలబడి టోపీలు తీశారట.

"ఏ ఊరి మట్టో, ఏ అమ్మ ఎండబెట్టిందో వాసన సూసి సెప్పేత్తాను. ఇంక గుర్తెందుకు?"

భీమశంకరరావు నవ్వుతూ తలూపాడు. మంగాయమ్మ నామం చెప్పుకోవడం ఆపేసింది. గుర్తు లేని బస్తాని రేవులో మనదని ఏం చూపించి అడుగుతాం? చప్పుడు కాకుండా లేచి, లోపల్నించి రెండు పళ్ళేల్లో పసుపు కొమ్ములు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇందులో మాదేదో చెప్పు నాయనా."

గవర్రాజు కళ్ళు మూసుకుని రెండూ మార్చి మార్చి వాసన చూశాడు.

"ఇది మీదమ్మా, ఇక్కడి ఎర్రమట్టి. అదేమో పై ఊరిది, ఉప్పుగాలి తగిలిన వాసన."

"రెండూ ఒక్క బస్తాలోంచే తీశాను," అంది మంగాయమ్మ, మెల్లగా.

జగ్గయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పొద్దుట్నించీ రొంప పట్టిందని గొణుగుతూ గవర్రాజు చెప్పుల కోసం వెతుక్కున్నాడు. భీమశంకరరావు తల్లి మొహం చూడలేక పళ్ళేలు తీసుకుని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే, దేవుడి దగ్గర దీపం పెట్టాక, కోడలు వెంకటరమణమ్మ పాత నూనె డబ్బా రేకులో అక్షరాలు కత్తిరించింది. భీమశంకరరావు ఆ రేకు ఆనించి, నల్లరంగు అద్ది, పన్నెండు బస్తాల మీదా ఇంటిపేరూ ఊరూ వరస నంబరూ వేశాడు. రంగు వేలికి అంటకుండా ఆరేదాకా మంగాయమ్మ ఎవర్నీ బండి కట్టనివ్వలేదు.