గురువారం దక్షిణానికి

కోడుమూరు, 1955. గురువారం పొద్దున. వంటింట్లో అత్త ఓబులమ్మ, కోడలు కృష్ణవేణి. కర్నూలు బస్సు వచ్చే వేళ దగ్గరపడింది.

“మల్ల అదే మాట. గురువారం దక్షిణానికి వారశూల, ఆ దిక్కుకు పయనం కూడదని చెప్తాండా కదా. మదరాసు యాడుండాది?”

“దక్షిణానే అత్తా. కానీ నేను ఎక్కేది కర్నూలు బస్సు. అది ఉత్తరానికి పోతాది.”

“బో తెలివి. దేవుడు బస్సు టికెట్టు చూసి ఊరకుంటాడులే.”

“రేపు మదరాసులో విమానం నడిపి చూపియ్యకుంటే నా లైసెన్సు పోతాది. మొన్న జాబు వచ్చినకాడ్నించి అడుగుతాండా. ఆయనేమో ‘మా అమ్మనడుగు’ అంటాడు. నువ్వేమో పొమ్మని నోరు తెరవవు.”

“పోతే పోనీ. పొయ్యి కాడ కూర్చునేదానికి లైసెన్సు అడగరులే.”

“పెండ్లికి ముందు మదరాసులో మూడేండ్లు కష్టపడి తెచ్చుకున్నా. ఈడికొచ్చినాక...”

“ఈడికొచ్చినాక మేము రెక్కలు కత్తిరించినామా? రాయి, అది గూడా పత్రికలో రాయి. పైనుంచి చూస్తే మన ఊరు అగ్గిపెట్టెంత అని రాసినావంట. బడి అయ్యవారు నరసన్న చదివి చెప్పినాడు.”

“అంతే కనపడింది మరి.”

“ఆ అగ్గిపెట్టెకు ముప్పై ఏండ్లుగా ఎర్రమన్ను పూసి ముగ్గులేస్తాండా. నేను కనపడలేదా?”

“అంత పైనుంచి మనుషులు కనపడరత్తా.”

“తెలుసులే. పైకి పోకున్నా శానామందికి నేను కనపడను.”





“ఆ మాట రాయాల్సింది అత్తా.”

“రాయి. నా పేరు మాత్రం పెట్టొద్దు. అయినా దేవతలుండే తావుకు బూట్లేసుకొని పోతావంట కదా.”

“ఆంజనేయస్వామిని తల్చుకోకుండా ఏ పొద్దూ పైకి పోలేదు.”

“ఆయనకు తోకన్నా ఉండినాది.”

“విమానానికీ ఉండాది.”

“ఓహో. అందుకేనా అంత గర్వం.”

“సరే. నువ్వు వద్దంటే పోను. కానీ శూల మీద పెట్టి చెప్పొద్దు. నీకిష్టం లేదని చెప్పు, చాలు.”

“ఇష్టం లేదని ఎవరన్నారు? శూల ఉండాదన్నా.”

“రెండూ ఒకటే కదా.”

“ఒకటెట్లయితాది? శూలకు మందుండాది. ముందురోజే మంచి గడియలో బట్టలమూట పక్కింట్లో పెట్టొస్తే, ఆ గడియలోనే బయల్దేరినట్టు లెక్క. పరస్థానం అంటారు. మీ మదరాసులో పంచాంగాలు అమ్మరేమో.”

“తెలుసత్తా. నిన్ననే పెట్టల్ల అది. ఇప్పుడనుకొని ఏం లాభం?”

“నిన్న పొద్దున్నే పక్కింటి జీవమ్మ ఇంట్లో రెండు చీరలు పెట్టొచ్చినా. బస్సుకు పోతా పోతా తీసుకో.”

“నిన్ననేనా? మరి ఇంతసేపూ నన్ను... అత్తా, ఒక్క రోజుకు నాకు రెండు చీరలెందుకు?”

“ఒకటి నాది. విమానంలో నాకు కిటికీ పక్కన జాగా కావల్ల.”