పంటి ఎక్స్‌రే పెట్టిన పేజీ

కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడిన పెద్దలకు, మన ఆదివారం పుస్తకాల బృందానికి, మా డాక్టర్ మావయ్య చేత పళ్లు పీకించుకున్నవారికీ, రేపొస్తామని చెప్పి పారిపోయినవారికీ నమస్కారం. అత్తయ్యా, మీ ముఖం చూస్తే నాకు మాట రాదు. అందుకని ఆ కిటికీ వైపు చూస్తూ మాట్లాడతాను. ఏమీ అనుకోకండి.

ఈ బృందంలో నాది కోతి వేషం. ఇవాళ కూడా నవ్విస్తూనే మాట్లాడమన్నారు అత్తయ్య. ప్రయత్నిస్తాను.

నేనిక్కడికి సాహిత్యం కోసం రాలేదండీ. పంటినొప్పితో వచ్చాను. మావయ్య నా జ్ఞానదంతం పీకేసి, పోయిన జ్ఞానానికి పరిహారంగా ఒక నవల చేతిలో పెట్టారు. మళ్లీ చూపించుకోవడానికి వస్తే, నోరు తెరిపించి, దూది కుక్కి, అప్పుడు అడిగారు: “నవల ఎలా ఉందిరా?” నేను “ఆ... ఊ...” అన్నాను. “భలే చెప్పావు! ఆదివారం రా, అందరికీ చెబుదువుగాని” అన్నారు. నా మొదటి పుస్తక సమీక్ష అదే. అంత నిజాయితీగా మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

మన ఆదివారాలన్నీ ఈ గదిలోనే. రోగులు దవడ పట్టుకుని కూర్చునే ఈ బెంచీల మీదే. ఈమధ్య చదివిన నవలో, ఆత్మకథో పట్టుకురావాలి. “కథ చెప్పకండి, అది పుస్తకంలో ఉంది. మీకేమైందో చెప్పండి” అనేవారు. ఏమీ కాలేదన్నా ఒప్పుకునేవారు. ఊరికే బాగుందంటే మాత్రం వదిలేవారా? “ఎక్కడ? వేలు పెట్టి చూపించు” అనేవారు, నొప్పెక్కడో అడిగినట్టు.

మరి ఆయన చదివే తీరు? ఏ నవలా పూర్తిచేసేవారు కాదు. చివరి అధ్యాయం ముందు ఎవరిదో పంటి ఎక్స్‌రే గుర్తుగా పెట్టి మూసేసేవారు. అత్తయ్యేమో ఆ చివరి అధ్యాయం ఒక్కటే చదివేవారు. “ఎవరు మిగిలారు, ఎవరు పోయారు, అది తెలిస్తే చాలదూ? మిగతాదంతా సాగదీతే” అని ఈవిడ. “ఆ సాగదీతలోనే ఉంటారే మనుషులు” అని ఆయన. ఇద్దరూ కలిస్తే ఒక పాఠకుడు! ఆత్మకథలు మాత్రం మావయ్య అట్ట నుంచి అట్ట దాకా చదివేవారు. ఎందుకంటే, “చివరి పేజీలో కూడా రాసినవాడు బతికే ఉంటాడు కదరా!”

పడవ నడిపే ముసలాయన నవల చర్చకు వచ్చిన ఆదివారం గుర్తుందా మీకు? ఆ ముసలాయన గురించి మావయ్య సొంత అన్నగారి సంగతి చెప్పినట్టు మురిసిపోతూ చెబుతున్నారు. మన బ్యాంకు అక్క ఆగలేక, “చివర్లో పోతాడు కదండీ, పాపం!” అనేసింది. మావయ్య లేచి లోపలికెళ్లి, కడిగిన పనిముట్లే మళ్లీ కడిగారు. మనం ఆ నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాం. తిరిగొచ్చి, చేతులు తుడుచుకుంటూ ఒకే మాట: “ఏమోనమ్మా. నేను వదిలినప్పుడు బాగానే ఉన్నాడు.”

ఎంత నవ్వుకున్నాం! నేనైతే ఆ మాటను ఆయన గొంతుతో కనబడినవాళ్లందరికీ చేసి చూపించాను.

కిందటి ఆదివారం నేను బండి తీస్తుంటే గుమ్మంలో నిలబడి, “పళ్లు తోముకుని పడుకోరా” అన్నారు. ప్రతిసారీ చెప్పే మాటే. తెల్లారేసరికి లేరు. ఎవరెవరో ఫోన్ చేశారు. గుండె అన్నారు, నిద్రలోనే అన్నారు. నా దగ్గర మాత్రం ఒకటే జవాబుంది. మావయ్యా, నేను వదిలినప్పుడు మీరు బాగానే ఉన్నారు.

వద్దండీ, నీళ్లు వద్దు. పర్లేదు.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. ఆయన ఆఖరున చదివిన నవల లోపలి బల్ల మీద ఉంది, ఎక్స్‌రేతో సహా. అత్తయ్య దాన్ని తీశారు. కానీ చివరికి వెళ్లలేదు. ఎన్నడూ లేనిది, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. నిన్న ఎక్స్‌రే దాకా వచ్చి ఆగిపోయారు. “ఇక్కడిదాకా ఆయన నాతోనే ఉన్నార్రా. ఈ పేజీ తిప్పమంటావా, వద్దంటావా?” అని అడిగారు. “తిప్పకపోయినా సరే, వచ్చే ఆదివారం పట్టుకురండి అత్తయ్యా. అక్కడిదాకా మీకేమైందో చెబుదురుగాని” అన్నాను. తెస్తానన్నారు.

ఇక ఆయన కోసం అందరం లేచి మౌనంగా నిలబడదాం. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు గడియారం చూసి, ఇక చాలు, కూర్చోండి అంటారు. ఆ మాట నేననను. ముగింపులు ఆయనకు గిట్టవు. అత్తయ్య ఎప్పుడు కూర్చుంటే, మనమూ అప్పుడే కూర్చుందాం.